దైవవిశ్వాసమునకు హేతువు

మా మిత్రులలో నొకరు, చదువును భూవసతియుఁ గలవారు, ప్రతిదినము ప్రాతఃకాలమునఁ గొంతసేపు ధ్యానము చేయక యే పనికిని బూనుకొననివారు, కొన్ని నెలల క్రిందట మా యొద్దకు వచ్చి యొక సంగతి చెప్పిరి. వారి కుమారుఁడు పట్టణమునఁ గళాశాలలో శాస్త్రము చదువుచున్నాఁడు. సెలవులకు వచ్చినపు డొకనాఁటి రాత్రి భోజనానంతరమున నతఁడు తండ్రిని వినయముతోనే "నాయనగారూ, దేవుఁడు గలఁడని మీరు నమ్ముటకుఁ గారణ మేమి?" అని యడిగెనఁట. తండ్రిగారు వెంటనే "లోకమున నింత క్రమమును ఇంత యమరికయు నున్నవే, చేయువాఁడు లేక యివి యెట్లు కలుగును?" అనిరి. కుమారుఁడు జీవపరిణామ సిద్ధాంతమును వివరించి, కంటి నిర్మాణము మొదలు తండ్రి యెత్తిన ప్రతి యుదాహరణమునకును సమాధానము చెప్పెను. గంటసేపు గడచునప్పటికిఁ దండ్రి యొద్దఁ జెప్పుట కేమియు మిగులలేదు.

"వాఁడు నమ్మకున్న నే నంతగా విచారింపను. వాని బుద్ధి వానిది. కాని మఱునాఁ డుదయమున నేను ధ్యానమునకుఁ గూర్చుండఁగా నా మనస్సే నన్నడిగినది: నిన్నటి రాత్రి యోడిపోయిన యా వాదమేనా యిన్నాళ్లు నిన్నిచ్చటఁ గూర్చుండఁబెట్టినది? అని. దానికి నా యొద్ద నుత్తరము లేదు. అదియే నన్ను బాధించుచున్నది" అని వారు మాతోఁ జెప్పిరి.

చదువరులు గమనింపఁ గోరెదము. ఇచ్చటఁ బ్రశ్నలు రెండు గలవు. దేవుఁడు గలఁడా యనునది యొకటి. ఆ నమ్మకమును దేనిపై నిలుపవలయు ననునది రెండవది. వాదప్రియులు మొదటిదానినే చూచి రెండవదానిని మఱచుచుందురు. మా మిత్రుని బాధ రెండవ ప్రశ్న వలనఁ గలిగినది. కాఁబట్టి దానినే విచారింపఁ దలఁచితిమి.

ఇందుకై క్రైస్తవుల గ్రంథములను ముందుంచుకొంటిమి. ఆ మతమును బోధింపను మేము పూనుకొనలేదు, ఖండింపను బూనుకొనలేదు. రాజా రామమోహనరాయలవారు 1820 వ సంవత్సరమున క్రీస్తు నీతిబోధలను వేఱుగాఁ దీసి ప్రకటింపఁగా శ్రీరామపురపు మిషనరీ యగు మార్ష్‌మన్‌గారితో గొప్ప వివాదము పొసఁగిన సంగతి మన వారెఱుఁగుదురు. ఆ వివాదము క్రీస్తు ఎట్టివాఁడను విషయమును గూర్చినది. దేవుఁడు గలఁ డనుటలో నుభయులకును భేదము లేదు. మేము విచారించునది యంతకుఁ గ్రింది మెట్టు. క్రైస్తవదేశములలో నీ విషయమున తొమ్మిదివందల యేండ్లకుఁ బైగా అనుకూలముగను బ్రతికూలముగను గ్రంథములు పుట్టినవి. అందు మిక్కిలి విశేష మేమనఁగా, గొప్ప హేతువులనేకములకు గొప్ప యాక్షేపణలు భక్తుల నోటనే వెలువడినవి. తన పక్షపు బలహీనతను దానే చూపువాని సాక్ష్యము వినఁదగినది గదా.

మా మిత్రుఁడు కుమారునకుఁ జెప్పిన హేతువు నింగ్లండున మిక్కిలి ప్రసిద్ధ మొనర్చినవాఁడు విలియం పేలీ యను మతాచార్యుఁడు. 1802 లోఁ బ్రకటించిన గ్రంథమున నతఁడొక గడియారపు దృష్టాంతమును జెప్పెను. బీడునఁ బోవుచుండఁగాఁ గాలికి ఱాయి తగిలెనేని, అది యెల్లపుడు నచ్చటనే పడియున్న దేమో యనుకొని సాగిపోవుదుము. గడియారము దొరకెనేని యట్లనుకొనము. దాని చక్రములును ముండ్లును ఒక ప్రయోజనమునకై యమర్పఁబడి యుండుటను జూచి చేసినవాఁ డొకఁడు గలఁడని నిశ్చయింతుము. కన్ను గడియారముకంటె నెంతయో సూక్ష్మమైనది గావున దానికిని గర్త యుండవలయును. మన నైయాయికులు కుండను జూచి కుమ్మరి నూహించిన మార్గమును నిదియే. ఉదయనాచార్యుల న్యాయకుసుమాంజలి చదివినవారికిఁ బేలీ క్రొత్తగాఁ దోఁపఁడు.

ఈ వాదమునకు డేవిడ్ హ్యూము అంతకు ముందే యొక దెబ్బ కొట్టియుండెను. అతఁడు 1776 లో మరణించిన పిమ్మట 1779 లో వెలువడిన సంభాషణ గ్రంథమున, ఇండ్లు కట్టువారిని మనము చూచియున్నాము గావున నింటిని జూచి శిల్పి నూహింతుము, లోకములు కట్టుట నెవఁడు చూచెను? అను నాక్షేపణ గలదు. కాని హ్యూము కన్నెట్లు కలిగినదో చెప్పఁజాలఁడు గావున జనులు పేలీనే విశ్వసించిరి. వారిలోఁ జార్లెసు డార్విన్ ఒకఁడు. డార్విన్ 1828 మొదలు 1831 వఱకు కేంబ్రిడ్జిలో మతాచార్య వృత్తికై చదువుచు, పేలీ గ్రంథములను మిక్కిలి ప్రీతితోఁ బఠించెను. ఆ యువకుఁడే యిరువదియెనిమిదేండ్లు గడచిన పిమ్మట, 1859 లో, గడియారపు వాదమును బడఁగొట్టఁగల గ్రంథమును వ్రాసెను. జంతువులకుఁ బుట్టు సంతతిలో స్వల్పభేదములుండును. ఆహారము కొఱకును ప్రాణము కొఱకును బెనఁగులాడుటలో ననుకూలమగు భేదముగలవి మిగిలి తమ సంతతికి దాని నిచ్చును. ఇట్లు లెక్కకు మిక్కిలి తరములు గడవఁగా వెలుతురును జీఁకటినిఁ దెలిసికొనఁగల చర్మపు మచ్చ గుంటయై, గుంట కన్నగును. ప్రతిమెట్టునను దానివలన జంతువునకు లాభమే. పేలీ కర్తృత్వమును జూచిన చోట డార్విన్ కాలమును జూపెను.

ఇంతవఱకుఁ గుమారుఁడు తండ్రికిఁ జెప్పినదే. అతఁడు చెప్పని భాగ మొకటి గలదు. డార్విన్ దొరగారి ప్రియపుత్రిక యాని 1851 ఏప్రిలులోఁ బదియేండ్ల ప్రాయమున రోగముచే మరణించెను. ఆ దుఃఖము తండ్రిని విడువలేదు. 1860 లో నమెరికా దేశపు వృక్షశాస్త్రజ్ఞుఁడగు ఆసా గ్రే గారికి వ్రాసిన లేఖలో, బ్రదికియున్న గొంగళిపురుగు దేహమునఁ బెరిఁగి దానిని లోపలినుండి తినివేయు నొకజాతి కందిరీఁగలను దయామయుఁడగు దేవుఁడు బుద్ధిపూర్వకముగ సృజించెనని తాను నమ్మఁజాలనని డార్విన్ తెలిపెను. 1879 నాఁటికి దన స్థితికి 'అజ్ఞేయవాది' యను పేరే తగునని వ్రాసికొనెను. దేవుఁడు లేఁడని మాత్ర మాయన యెన్నఁడును సాధింపఁ బూనుకొనలేదు.

ఆ లేఖ నందుకొన్న గ్రే గారి సంగతి యేమి? ఆయన హార్వర్డు విద్యాలయమున నాచార్యుఁడు, నిష్ఠగల క్రైస్తవుఁడు, డార్విన్ గ్రంథము నమెరికాలో సమర్థించినవారిలో నగ్రగణ్యుఁడు. భేదములు పుట్టు మార్గమున దైవము నడపింపు కొంత యుండునేమో యని యాయన డార్వినునకు సూచించెను. డార్విన్ దాని నొప్పుకొనలేదు. ఒప్పుకొననంతమాత్రమున గ్రే గారి విశ్వాసము సడలలేదు. శాస్త్రమునఁ దాను డార్విన్ పక్షమువాఁడననియు, మతమునఁ బ్రాచీన క్రైస్తవ విశ్వాసప్రమాణము నంగీకరించువాఁడననియు 1876 లో స్పష్టముగఁ బ్రకటించెను. ఒకే శాస్త్రము, ఒకే సాక్ష్యము, ఇద్దఱును సత్యసంధులు. ఒకరి విశ్వాసము సన్నగిల్లెను, ఒకరిది నిలిచెను. శాస్త్రమే విశ్వాసమును హరించునదైనచో నిద్దఱికి నొకే ఫలము కలుగవలసినది గదా!

మాకుఁ దోఁచిన దిది. ఎఱుఁగని చోటులనెల్ల దేవుని నిలుపువారు, ఎఱుక పెరిఁగినకొలఁది యాయనను జరుపుచుఁ బోవలసివచ్చును. గ్రహముల గతులలో నేర్పడు చిన్న యస్తవ్యస్తములను దైవ మప్పుడప్పుడు సవరించు నని న్యూటనంతవాఁడు తలఁచెను. తరువాతి గణితజ్ఞులు వానిలోఁ బెక్కింటికి గణితముననే కారణములు చూపిరి. ఈ పద్ధతి కూడదని మిక్కిలి గట్టిగాఁ జెప్పినవాఁడు జర్మనీ దేశపు పాదిరి డీట్రిచ్ బాన్‌హోఫరు. హిట్లరు ప్రభుత్వముచే బెర్లిను చెఱసాలలో నుంచఁబడి, 1944 మే నెలలో భౌతికశాస్త్ర గ్రంథ మొకటి చదువుచు మిత్రునకు వ్రాసిన జాబులో, మన యజ్ఞానపు సందులను గప్పుటకు దేవుని వాడుకొనరాదనియు, మన మెఱిఁగిన వానియందే యాయనను గనుఁగొనవలయు ననియు నతఁడు వ్రాసెను. 1945 ఏప్రిలు 9 వ తేదీన నతని నురిదీసిరి. చావు సమీపించినవాఁడు దొరకిన హేతువునెల్లఁ బట్టుకొని వ్రేలాడు నని యందురు. ఇతఁడు చెఱలో నుండి యొక హేతువును విడిచివేసెను.

విడిచివేసినవారిలో నింకొక పెద్ద గలఁడు. బెల్జియము దేశస్థుఁడగు జార్జి లెమైత్రు 1923 లోఁ గథోలిక గురుపట్టము పొందినవాఁడు, గణితమున నసమానప్రజ్ఞుఁడు. విశ్వము వ్యాపించుచున్నదని 1927 లో నొక వ్యాసమునఁ జూపెను. వ్యాపించుచున్నదైనచో వెనుకకు లెక్కించినకొలఁది దగ్గఱ దగ్గఱ యగుచుఁ దుదకు మిక్కిలి సాంద్రమగు నొక యాదిస్థితిని జేరవలయునని 1931 లోఁ బ్రతిపాదించెను. నేఁడు మహావిస్ఫోటమని పిలువఁబడు సిద్ధాంతమున కిదియే బీజము. 1951 నవంబరు 22 వ తేదీన పన్నెండవ పయసు పోపుగారు తమ శాస్త్రపరిషత్తు నెదుట నుపన్యసించుచు, ఈ క్రొత్త శాస్త్రము సృష్టికర్త యున్నాఁ డనుటకు సాక్ష్యమిచ్చుచున్న దనిరి. లెమైత్రుగారికి మహానందము కలుగవలసినది: సిద్ధాంతము తనది, మతము తనది, పొగడినవారు తన మతాధిపతి. కాని యాయనకది యెంతమాత్రమును రుచింపలేదు. విశ్వమున కాది యుండుట వేఱు, సృష్టి వేఱు. మొదటిది గణితము తేల్చవలసిన విషయము, నాఁడు తేలినది రేపు మాఱవచ్చును. 1958 లో బ్రస్సెల్సు నగరపు శాస్త్రసభలో నాయన, తన సిద్ధాంతము మతవిచారమునకు వెలుపలిదనియు, దాని నొప్పుకొన్న భౌతికవాది దేవుని నిరాకరించుటకు స్వతంత్రుఁడే యనియుఁ జెప్పెను. ఆ విస్ఫోటపు శేషమగు మందకిరణము 1965 లోఁ గనుఁగొనఁబడఁగా, రోగశయ్యపైనున్న లెమైత్రుగారు దాని వార్త విని 1966 జూనులో మరణించిరి. తుదివఱకు మతాచార్యులుగనే యుండిరి.

మన దేశమున శ్రీభాష్యకారులు చేసినదియు నిదియే. జగత్తు కార్యము గావునఁ గర్త యుండవలయు ననెడి యనుమానమును రామానుజాచార్యులవారు పరీక్షించి, కర్త యొక్కఁడే యనియు నతఁడు సర్వజ్ఞుఁ డనియు నది స్థాపింపఁజాలదని త్రోసివేసిరి. అంతటి భక్తాగ్రేసరునకు దేవునియం దనుమానము కలిగెనా? లేదు. అనుమానప్రమాణముపై మాత్రము వారికి నమ్మకము లేదు. భౌతికశాస్త్రపు నియతసంఖ్యలు కొంచెము మాఱినను జీవము పుట్టనేరదు గావున దైవము గలఁడని వాదించు క్రైస్తవులు నేఁడుఁ బెక్కురు గలరు. ఆ సంఖ్యల సంగతి ఆశ్చర్యకరమే, మేము కాదనము. వానికిఁ గారణము రేపు శాస్త్రమునఁ దేలెనేని పేలీ గడియారమునకుఁ బట్టిన గతియే దీనికిని బట్టవచ్చును. పెద్దలు దీనిని యువకుల కిచ్చునపు డా సంగతియుఁ జెప్పి యిచ్చుట న్యాయము.

కేవల తర్కముచే దైవమును సాధింపఁజూచినవాఁడు ఆన్సెల్ము. నార్మండీలోని బెక్ మఠమున సన్యాసిగా నుండి 1077-78 ప్రాంతమున, ఎవనికంటె గొప్పవానిని దలఁపను గూడ శక్యము కాదో యట్టివాఁడు తలఁపునందు మాత్రమే యుండి నిజముగ లేకుండుట పొసఁగదని యతఁడు వాదించెను. గానిలో యను మఱియొక సన్యాసి, అట్లయినచో సర్వోత్తమమగు ద్వీప మొకటి గలదని యీ త్రోవనే సాధింపవచ్చునే యని యపహసించెను. వాదమును బండితులింకను విచారించుచునే యున్నారు. కాంటు 1781 లో దాని మూలము నఱకితి ననుకొనెను. మా మనస్సునకు హత్తినది వేఱు. ఇఁకముందు తన గ్రంథమును వ్రాసికొనువారు గానిలో యాక్షేపణను గూడఁ జేర్చి వ్రాయవలయునని యాన్సెల్మే కోరెను. ఆ గ్రంథము మొదలు తుదవఱకు ప్రార్థనారూపముననే యున్నది. ప్రార్థించుచున్నవాఁడే ప్రతివాదికిఁ జోటిచ్చెను. పరమతఖండనములు చదివి చదివి విసిగిన మా వంటివారి కీ సంగతి గొప్ప యూఱట.

పాస్కల్ చెప్పిన పందెము మన విద్యావంతులలోఁ జాలమందికిఁ దెలియును. దేవుఁడు గలఁడని నమ్మి బ్రదికినవానికి, గలఁడైనచో లాభ మపారము, లేఁడైనచో నష్టము స్వల్పము. కావున నమ్ముటయే మేలు. నిజము చెప్పవలసినచో మాకిది యెన్నఁడును నచ్చలేదు. వడ్డీ లెక్కించి చేసిన భక్తిని దేవుఁడే యేల మెచ్చును? కాని యా పందెము 1670 లో వెలువడిన యతని చిత్తుకాగితములలోని యొక ముక్క. సంశయముతోడి జూదరి నుద్దేశించి వ్రాసినది. పాస్కల్ తన విశ్వాసమునకుఁ బెట్టుకొన్న యాధార మది కాదు. 1654 నవంబరు 23 వ తేదీ రాత్రి, పదిన్నర గంటలు మొదలుకొని యర్ధరాత్రి దాఁటువఱకు, అతనికొక యనుభవము కలిగెను. ఏమి జరిగెనో యెవరికిని జెప్పలేదు. తేదీని, గంటలను, కొన్ని విడివిడి మాటలను కాగితమున వ్రాసి, తోలుపత్రమున మరల వ్రాసికొని, తన కోటు లోపలఁ బెట్టి కుట్టించుకొనెను. కోటు మార్చినప్పుడెల్ల దానినిఁ గూడ మార్చుచు వచ్చెను. 1662 లో నతఁడు చనిపోయిన పిమ్మట సేవకుఁడు దానిని గనుఁగొనెను. తన కగపడినవాఁడు తత్త్వవేత్తల దేవుఁడు కాఁడని యందు వ్రాసియున్నది. ఐరోపాఖండమున నంతటి గణితజ్ఞులు నాఁ డెందఱో లేరు. అట్టివాఁడు తన నమ్మకమునకు మూలమైనదానిని వాదముగ మార్చక, కుట్లలో దాఁచుకొనెను.

అయినచో విశ్వాసమునకు హేతువే లేదా? ఒకని కనుభవము కలిగెను, కలుగనివాఁ డూరకుండవలసినదేనా? అనుభవము కలుగనివారి సంఖ్యయే యధికము, మేమును వారిలోనివారమే. మాకుఁ జూడఁగా నందఱికిని సామాన్యమైన ద్వార మొకటి మిగిలియున్నది. కాంటు 1788 లోఁ దిరిగి దేవుని జేర్చుకొన్నది యా ద్వారముననే. కార్డినలు న్యూమన్ 1870 నాఁటి గ్రంథమున దానినే మిక్కిలి సూక్ష్మముగ వివరించెను. అది అంతరాత్మ. తప్పు చేసినవాఁడు, ఎవ్వరును జూడకున్నను, పట్టుపడు భయము లేకున్నను, సిగ్గుపడును. ఱాతి యెదుట నెవఁడును సిగ్గుపడఁడు. సిగ్గనునది యొక వ్యక్తి యెదుటఁ గలుగునది. చూచువాఁ డొక్కఁడును లేని చోట నీ సిగ్గు ఎవని యెదుట? అని న్యూమన్ తాత్పర్యము.

దీనికి వాదముకంటె నొక మనుష్యుని చరిత్రము మంచి వ్యాఖ్యానము. అమెరికాలో న్యూజెర్సీ సీమయందు జాన్ వూల్‌మన్ అను నొక క్వేకరు మతస్థుఁడుండెను. 1720 లో జన్మించినవాఁడు. ఇరువదియేండ్లు దాఁటిన ప్రాయమున నొక వర్తకుని యంగడిలో గుమాస్తాగా నుండఁగా, యజమానుఁడు తన నీగ్రో దాసి నొకతె నమ్మి, విక్రయపత్రము వ్రాయుమని యతని కాజ్ఞాపించెను. కొనువాఁడు ప్రక్కనే నిలిచియున్నాఁడు. అతఁడును వృద్ధుఁడగు క్వేకరే. దాస్యము నాఁటి చట్టమునకు సమ్మతము. మతపెద్దలు దాసులను గలవారు. బైబిలునుండి వాక్యములు తీసి సమర్థించు బోధకులు కావలసినంతమంది. యువకునకుఁ జేయి యాడలేదు. అయినను యజమానుని మాట కాదనలేక పత్రము వ్రాసియిచ్చెను. వ్రాసి, వారిద్దఱి యెదుటను, దాసుల నుంచుకొనుట క్రైస్తవ ధర్మమునకు విరుద్ధమని తాను దలఁచుచున్నానని చెప్పెను. చెప్పినందున మనస్సు కొంత తేలికపడినదేగాని, వ్రాయకయే యుండవలసిన దను బాధ పోలేదని తన దినచర్యలో వ్రాసికొనెను.

అటుపిమ్మట నట్టి పత్ర మింకొకరు వ్రాయుమనఁగా వ్రాయ ననెను. మరణశాసనములు వ్రాయుట కతనిఁ బిలుచుచుండిరి. దాసుల నింకొకరికిఁ జెందునట్లు వ్రాయఁడయ్యెను, ఆ యాదాయమును బోఁగొట్టుకొనెను. ఒక రోగి శాసనమును దాసిని గూర్చిన భాగము విడిచి వ్రాసియిచ్చి, కారణము మెల్లగఁ జెప్పఁగా, ఆ రోగి యోచించి యామెకు స్వాతంత్ర్య మిచ్చెను. దూరప్రయాణములలో దాసులను గలవారి యింట బస చేయవలసివచ్చినపుడు, తనకుఁ బరిచర్య చేసిన దాసులకు గూలి యిచ్చి పోవుచుండెను. గృహస్థులకది యెంత నొప్పి కలిగించియుండునో యూహింపుఁడు! ఎవరినిఁ దూలనాడలేదు, ఇంటింటికిఁ బోయి మాటలాడెను. 1772 లో నింగ్లండునకు వెళ్లి యచ్చట మశూచిచే మరణించెను. 1776 లో ఫిలడెల్ఫియా క్వేకరుల మహాసభ తమ సంఘమున నెవ్వరును దాసుల నుంచుకొనరా దని శాసించెను.

అంతరాత్మ యనునది సంఘము మన చెవిలో నూఁదిన మాట యని కొందఱు తత్త్వవేత్త లందురు. సంఘము వూల్‌మన్ చెవిలో నూఁదిన మాట యేమి? వ్రాయుమని. చట్టము వ్రాయుమన్నది, యజమానుఁడు వ్రాయుమన్నాఁడు, సంఘపు పెద్ద కొనుటకు నిలిచియున్నాఁడు. వ్రాయవలదన్న స్వర మెక్కడిది? మన వీరేశలింగముపంతులుగారు 1881 డిసెంబరు 11 వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిననాఁడు ఆచారము, పీఠములు, బంధువులు ఎదుటిపక్షముననే యుండిరి. సంఘమును దప్పనెడి స్వరము సంఘమునుండియే పుట్టిన దనుట మాకు సుగమముగాఁ దోఁపదు.

డార్విన్ దీనికిని సమాధానము చెప్పకపోలేదు. గుంపుగా జీవించు జంతువులకుఁ బరస్పరసానుభూతి లాభకరమనియు, బుద్ధి పెరుఁగఁగా నదియే ధర్మబుద్ధిగఁ బరిణమించె ననియు 1871 నాఁటి గ్రంథమున వ్రాసెను. అది నిజమే కావచ్చును. అంతరాత్మ యెట్లు కలిగెనో యది చెప్పును. తన గుంపునకు లాభము లేని యొక పరజాతి దాసి కొఱకు, తన జీవనమునకు నష్టము తెచ్చుకొని, ఒకఁడు దాని మాట విననేల యనుదానికి నది యుత్తరము కాదు. అంతరాత్మ తప్పునా? తప్పును. దాసులను గలవారిలోఁ జాలమందికి నిద్ర బాగుగానే పట్టుచుండెను. కాఁబట్టి దీనిని బూర్ణప్రమాణ మని మేమనము. గడియారపు వాదమునకును దీనికిని గల భేద మొక్కటే: ఆ వాదమును విన్నవాఁ డవుననియో కాదనియో లేచిపోవచ్చును, ఇది విన్నవాఁడు చేయవలసిన పని యేదో యొకటి మిగిలియుండును.

బాధను గూర్చి చెప్పక యీ విచారమును ముగించుట మోసమగును. 1755 నవంబరు 1 వ తేదీన, సకలపునీతుల పండుగనాఁ డుదయమున, జనులు దేవాలయములలో నుండఁగా లిస్బను నగరము భూకంపమునఁ గూలెను. వేలకొలఁది ప్రార్థించుచునే మరణించిరి. పురాకర్మ యని మనవారిలో ననేకు లీ ప్రశ్నను దాఁటవేయుదురు. దానివలన దుఃఖపడువానిపై నిందయుఁ బడును. క్రైస్తవులకుఁ బూర్వజన్మ లేదు గనుక నా త్రోవ లేదు. వారి మతము బాధకుఁ గారణమును జెప్పుటకంటె, బాధపడుచున్న యొకని మ్రానుపై వ్రేలాడుచున్నవానినిగఁ జూపి, దేవుఁ డక్కడ నున్నాఁడని చెప్పును. ఆ మాట చారిత్రకముగ నిజమా, అతఁడు దేవుఁడే యగునా యను విషయమున మాకును వారికిని గల భేదము తెలిసినదే. కాని పైనుండి చూచుచుఁ బరీక్షించు దేవునికంటె, క్రిందికి దిగి యనుభవించు దేవుఁడు దుఃఖితునకుఁ జేరువ యని యొప్పుకొనక తప్పదు.

సి. యస్. లూయిస్ అను నాక్సుఫర్డు పండితుఁడు మొదట నాస్తికుఁడై పిదప విశ్వాసియై, బాధాసమస్యపై 1940 లో నొక గ్రంథమును వ్రాసెను. తర్కము చక్కగా నున్నది. 1960 జూలైలో నాయన భార్య పుండురోగమగు క్యాన్సరుచే మరణించెను. అప్పుడు వ్రాసికొన్న పుస్తకములను 1961 లో మాఱుపేరున నచ్చువేయించెను. అందు 1940 నాఁటి తర్కము కానరాదు. ప్రార్థించినచోఁ దలుపు మూసిన చప్పుడే వినఁబడుచున్నదనియు, దేవుఁడు లేఁడేమో యను భయముకంటె నాయన క్రూరుఁడేమో యను భయమే యెక్కువగ నున్నదనియు వ్రాసెను. తానల్లిన హేతువులు తనకుఁ బనికిరాకపోవుటను దాఁచుకొనలేదు. దేవునితోఁ బోరాడుట మాత్రము మానలేదు. లేనివానితో నంతసేపు పోరాడువారుండరు. మా మిత్రునకు మేము మొదట నిచ్చిన పుస్తక మిదియే.

పుస్తక మిచ్చిన దినమున వూల్‌మన్ వృత్తాంతమునుఁ జెప్పితిమి. వారు చాలసేపు మాటలాడలేదు. పిదప, తమ తండ్రిగారి కాలమున నొక వితంతువు వద్ద మూఁడెకరముల మాగాణి కఱవు సంవత్సరమున మిక్కిలి చౌకగాఁ గొనఁబడినదనియు, దస్తావేజు సరిగానే యున్నదనియు, సాక్షులును సరియే యనియు, ఏ న్యాయస్థానమును దప్పుపట్టఁజాల దనియుఁ జెప్పిరి. "ప్రతిదినము ఉదయమున నేను గన్నులు మూసికొనఁగానే యా చేను గనఁబడును. ఇరువదియేండ్లనుండి కనఁబడుచున్నది. మావాఁ డడిగినపుడు నాకది జ్ఞప్తికి రాలేదు, గడియారమును గన్నును జ్ఞప్తికి వచ్చినవి" అనిరి.

పోయిన వారము మరల వచ్చిరి. దస్తావేజును గుమారునకుఁ జూపి సంగతి చెప్పితిమనిరి. అతఁడు నమ్మెనా యని మేమడుగలేదు. ఆ వితంతువు మనుమ లిద్దఱు ప్రక్కయూరనే కూలిపనిచేసికొనుచున్నారఁట. చేను కొలిపించుటకు సర్వేయరును బిలిపించితిమనియు, గొలుసు పట్టుటకుఁ గుమారుఁడే పోయెననియు మాత్రము చెప్పిరి.